ప్లగ్ తీసేశాక మిగిలే వేగమే మీ అమ్మాయికి అక్కరకొచ్చేది

ప్రశ్న: మా అమ్మాయి ఇంజినీరింగ్‌లో చేరుతోంది. కంప్యూటర్ సైన్స్, ఏఐ స్పెషలైజేషన్. ల్యాప్‌టాప్ కొనాలి. మా కొలీగ్ వాళ్ల అబ్బాయికి హెచ్‌ఎక్స్ ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ఉన్నది కొన్నారు. ఏఐ చదవాలంటే అదే ఉండాలంటున్నారు. షాపులో అడిగితే దానికి బ్యాటరీ మూడు గంటలు రావడం కూడా కష్టమన్నారు. ఇంకొకరేమో పల్చటి యూ సిరీస్ తీసుకోండి, సాయంత్రం దాకా చార్జింగ్ అక్కర్లేదంటున్నారు. అది స్పీడు చాలదేమోనని నా భయం. ఒకసారి కొంటే నాలుగేళ్లూ పనికి రావాలి. ఏది కొంటే మా అమ్మాయి వెనకబడకుండా ఉంటుంది? – ఒక తండ్రి

జవాబు: అడ్మిషన్లు మొదలయ్యాయంటే ఈ ప్రశ్న వరసపెట్టి వస్తుంది. ఏటేటా మోడల్ నంబర్లు మారతాయి కానీ చివర్లో ఉండే 'వెనకబడకుండా' అనే మాట మారదు. అందుకే ముందు దాని సంగతి చూద్దాం. ప్రాసెసర్ చిన్నదైనందుకు కంప్యూటర్ సైన్స్‌లో ఎవరూ వెనకబడరు. మొదటి రెండేళ్లు మీ అమ్మాయి రాసేవి సీ, పైథాన్, జావా ప్రోగ్రాములు, డేటా స్ట్రక్చర్ల లెక్కలు, డేటాబేస్ క్వెరీలు. ఈ మధ్య వచ్చిన ఏ మామూలు ప్రాసెసర్ మీదైనా అవి సెకన్లలో నడుస్తాయి. బరువని ల్యాప్‌టాప్‌ను గదిలోనే వదిలేసి వెళ్లిన రోజున, మధ్యాహ్నం ల్యాబ్ మొదలయ్యేసరికి చార్జింగ్ అయిపోయిన రోజున మాత్రం నిజంగానే పని ఆగిపోతుంది. ఆ లెక్కన మీ అమ్మాయికి పల్చటి ల్యాప్‌టాపే సరైనది. ధైర్యంగా తీసుకోండి. ఎందుకో వివరంగా చెప్తాను.

ఐ5, ఐ7, రైజెన్ 7 అనే పేర్లను కాసేపు పక్కన పెట్టి, మోడల్ నంబరు చివర ఉన్న అక్షరం చూడండి. ఇంటెల్ 13వ తరంలో 1355యూ, 13700హెచ్ రెండూ ఐ7లే. మొదటిదాని బేస్ పవర్, అంటే నిలకడగా పనిచేయడానికి తయారీదారు లెక్కగట్టిన పవర్, 15 వాట్లు, రెండోదానిది 45 వాట్లు. కోర్ అంటే చిప్‌లో లెక్కలు చేసే భాగం. మొదటిదాంట్లో వేగంగా పనిచేసే పెద్ద కోర్లు 2, పవర్ ఆదా చేసే చిన్నవి 8. రెండోదాంట్లో పెద్దవి 6, చిన్నవి 8. పేరు ఒకటే అయినా యంత్రాలు వేరు. అయితే ఒక్క కోర్ అందుకోగల గరిష్ఠ వేగం మాత్రం రెండింటికీ 5 గిగాహెర్ట్జే. బ్రౌజర్ తెరవడం, ఎడిటర్‌లో కోడ్ రాయడం, చిన్న ప్రోగ్రామ్ కంపైల్ చేయడం లాంటివి ఒకటి రెండు కోర్ల మీద కాసేపట్లో ముగిసే పనులు. వాటిలో ఈ రెండింటి మధ్య తేడాను మీ అమ్మాయి పట్టుకోలేదు. అరగంట సేపు అన్ని కోర్లూ ఆగకుండా శ్రమపడాల్సిన పని వస్తే, అంటే పెద్ద సిమ్యులేషనో వీడియో రెండరింగో చేయాల్సి వస్తే, హెచ్ చాలా ముందుంటుంది. హెచ్‌ఎక్స్ ఇంకా పైది. దాని బేస్ పవరే 55 వాట్లు.

రైజెన్ చిప్‌లు చేసే ఏఎండీలో ఇంకో తిరకాసు ఉంది. 7000 సిరీస్‌లో మూడో అంకె చూడాలి, చిప్ డిజైన్ ఏ తరానిదో చెప్పేది అదే. రైజెన్ 5లోనే 7520యూ, 7530యూ, 7540యూ అని మూడున్నాయి. మొదటిది 2019 నాటి జెన్ 2 డిజైన్, కోర్లు నాలుగే. రెండోది 2020 నాటి జెన్ 3, మూడోది 2022 నాటి జెన్ 4, ఈ రెండింటికీ ఆరేసి కోర్లు. నాలుగేళ్లు వాడాలనుకునేవాళ్లు 7520యూ జోలికి వెళ్లకండి. 7530యూ ఫర్వాలేదు.

ఇక వాట్ల సంగతి. చిప్ వేగం పెంచాలంటే దానికిచ్చే వోల్టేజీ కూడా పెంచాలి. ఖర్చయ్యే పవరేమో వేగాన్ని బట్టీ, వోల్టేజీని వోల్టేజీతోనే గుణిస్తే వచ్చే వర్గాన్ని బట్టీ పెరుగుతుంది. అందుకే చివరి పది పదిహేను శాతం వేగం రాబట్టడానికి అయ్యే ఖర్చు అంతకుముందు వేగానికి అయినదాంతో పోలిస్తే మరీ ఎక్కువ. ఆ ఖర్చంతా వేడిగా మారుతుంది. 13700హెచ్ కొద్దిసేపు 115 వాట్ల దాకా లాగగలదు. పల్చటి బాడీలో చిన్న ఫ్యాన్ ఆ వేడిని బయటికి తోసేయలేదు. 100 డిగ్రీల దగ్గరికి రాగానే చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. పల్చటి ల్యాప్‌టాప్‌లో హెచ్ చిప్ అని ఊరించే మోడళ్లను నేను సిఫార్సు చేయనిది ఇందుకే. వాటిలో బ్యాటరీ హెచ్ లాగే ఖర్చవుతుంది, ఎక్కువసేపు సాగే పనిలో వేగం మాత్రం యూకి దగ్గరగా పడిపోతుంది.

మీ కొలీగ్ చెప్పని సంగతి ఒకటుంది. గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో పెద్దవాటి అడాప్టర్లు 230, 280, 330 వాట్లవి ఉంటాయి. అంత పవర్ బ్యాటరీ ఇవ్వలేదు. ప్లగ్ పీకగానే ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ కోత పడుతుంది. మీరు డబ్బు పోసి కొన్న ఆ వేగం క్లాసులో ఉండదు, గోడ పక్కన కూర్చుంటేనే ఉంటుంది. అడాప్టర్‌తో కలిపి మూడు కిలోల దాకా ఉండే బరువు మాత్రం రోజూ భుజం మీదే. పల్చటివాటిలో చాలావరకు 65 వాట్ల టైప్-సీ చార్జర్‌తో నడుస్తాయి. లైబ్రరీలో పక్కనున్న స్నేహితురాలి చార్జర్ అడిగి తీసుకున్నా పని జరిగిపోతుంది.

'18 గంటల బ్యాటరీ' అని డబ్బా మీద రాసింది చూసి మోసపోవద్దు. ఎక్కువగా అది స్క్రీన్ వెలుతురు బాగా తగ్గించి, ల్యాప్‌టాప్‌లోనే దాచిన వీడియోను ఆడించి తీసిన అంకె. వీడియో ఆడించడానికి చిప్‌లో విడిగా ఒక భాగం ఉంటుంది, ప్రాసెసర్ కోర్లు దాదాపు నిద్రలోనే ఉంటాయి. మీరే లెక్క వేసుకోవచ్చు. బ్యాటరీ ఎన్ని వాట్-అవర్లో చూసి, ల్యాప్‌టాప్ మొత్తం ఎన్ని వాట్లు లాగుతుందో దాంతో భాగించండి. 54 వాట్-అవర్ల బ్యాటరీ ఉండి, నోట్సుకూ బ్రౌజర్‌కూ 6 వాట్లు లాగితే 9 గంటలు. అదే బ్యాటరీ మీద గ్రాఫిక్స్ కార్డు మేలుకుని ఉండి మొత్తం 18 వాట్లు లాగితే 3 గంటలు. పెద్ద బ్యాటరీ పెట్టిస్తే సరిపోదా అంటారేమో. విమానంలో ప్రత్యేక అనుమతి లేకుండా వెంట తీసుకెళ్లగల హద్దు 100 వాట్-అవర్లు. అందుకే పెద్ద ల్యాప్‌టాప్‌ల బ్యాటరీలు కూడా 99 దగ్గర ఆగిపోతాయి. బ్యాటరీ అరుగుదలనూ లెక్కలోకి తీసుకోండి. కొన్ని వందల చార్జింగుల తర్వాత సామర్థ్యం దాదాపు 80 శాతానికి దిగుతుంది. మీ అమ్మాయికి రోజుకు ఆరు గంటలు కావాలంటే, కొత్తలో ఎనిమిది గంటలు వచ్చేదే కొనాలి.

ఇప్పుడు అసలు ఆరాటం దగ్గరికి వద్దాం. ఏఐ స్పెషలైజేషన్‌కు ఏఐ ల్యాప్‌టాప్ ఉండాలన్న నమ్మకం ఈ మధ్య బాగా పాకింది. నాకు దీని మీద చాలా సందేహాలున్నాయి. కోపైలట్ ప్లస్ అనే ముద్ర ఉన్న ల్యాప్‌టాప్‌లో 40 టాప్స్ (సెకనుకు 40 లక్షల కోట్ల లెక్కలు) లేదా అంతకు మించిన ఎన్‌పీయూ, అంటే ఏఐ లెక్కల కోసం చిప్‌లో విడిగా పెట్టిన భాగం, ఉంటుంది. వీడియో కాల్‌లో వెనకాల దృశ్యాన్ని మసకబార్చడం, మాటలను అప్పటికప్పుడు అక్షరాల్లోకి మార్చడం లాంటి పనులను తక్కువ పవర్‌తో చేయడం దాని ఉద్యోగం. మీ అమ్మాయి క్లాసులో నేర్చుకునే మోడల్ ట్రైనింగ్, అంటే డేటా చూపించి ఏఐ మోడల్‌కు నేర్పించడం, దాని మీద జరగదు. ఆ పనికి పైటార్చ్ లాంటి లైబ్రరీలు (ముందే రాసిపెట్టిన కోడ్ సంపుటాలు) ప్రధానంగా వాడేది ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డులను. కాబట్టి ఎన్‌పీయూ ఉందని కొనకండి, లేదని మానకండి.

పోనీ, గ్రాఫిక్స్ కార్డే కొందామా? కోర్సు పనికి సొంత మెమరీ 6 లేదా 8 జీబీ ఉన్న కార్డు ఉపయోగపడుతుంది, అబద్ధం చెప్పను. కానీ దాని హద్దు తెలుసుకోండి. 700 కోట్ల పారామీటర్ల (మోడల్ నేర్చుకుని దాచుకునే అంకెల) భాషా మోడల్‌ను ఒక్కో అంకెకు 16 బిట్ల చొప్పున లోడ్ చేయడానికే 14 జీబీ మెమరీ కావాలి. ట్రైనింగ్‌కు అయితే ఇంకా చాలా ఎక్కువ. 4 బిట్లకు కుదిస్తే నడిపి చూడొచ్చు, అంతే. పెద్ద పని వచ్చిందంటే ఆ కార్డున్నవాళ్లు కూడా క్లౌడ్‌కే, అంటే ఇంటర్నెట్ ద్వారా వాడుకునే కంప్యూటర్లకే, వెళ్లాలి. గూగుల్ కోలాబ్‌లో, కాగల్‌లో పరిమిత గంటలైనా ఉచితంగా గ్రాఫిక్స్ కార్డులు దొరుకుతాయి. అక్కడ తరచుగా వచ్చే టీ4 కార్డుకు 16 జీబీ ఉంటుంది. అవి వాడటానికి మీ అమ్మాయికి బ్రౌజరూ ఇంటర్నెట్టూ చాలు. పైగా ఏఐ అని పేరున్నా మొదటి రెండేళ్లలో ఉండేది లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, ప్రోగ్రామింగే. ఏఐ చదువు పిల్లలకు బరువయ్యేది ఎక్కువగా అక్కడే. మాట్రిక్సుల గుణకారం ఎందుకు చేస్తున్నారో అర్థం కాని విద్యార్థికి ఎంత పెద్ద కార్డు కొనిచ్చినా లాభం లేదు. అది అర్థమైన విద్యార్థి కోలాబ్‌తోనే మంచి ప్రాజెక్టు చేసి చూపిస్తుంది. ఇంటర్వ్యూలో ఆ ప్రాజెక్టు గురించి అడుగుతారు, ఏ ల్యాప్‌టాప్ మీద చేశావని ఎవరూ అడగరు.

హెచ్, హెచ్‌ఎక్స్ నిజంగా కావలసినవాళ్లూ ఉన్నారు. యంత్ర భాగాలు డిజైన్ చేసే సాలిడ్‌వర్క్స్ సాఫ్ట్‌వేర్‌లో పెద్ద అసెంబ్లీలు చేసే మెకానికల్ పిల్లలు, త్రీడీ యానిమేషన్, గేమ్ డిజైన్ చదివేవాళ్లు, రోజూ గంటలకొద్దీ వీడియో ఎడిట్ చేసేవాళ్లు. వాళ్లు బరువును ఒప్పుకుని తీసుకోవాల్సిందే.

ఆపిల్ ఎం సిరీస్, స్నాప్‌డ్రాగన్ ఎక్స్ అనే వేరే రకం చిప్‌ల గురించి మీరు అడగలేదు, షాపులో మాత్రం చూపిస్తారు. రెండింటికీ బ్యాటరీ అద్భుతం. మ్యాక్‌బుక్ ఎయిర్‌లో 2020 నాటి ఎం1 నుంచీ ఫ్యానే లేదు. కానీ సాలిడ్‌వర్క్స్, చిప్ డిజైన్ ల్యాబుల్లో వాడే వివాడో లాంటివి మ్యాక్ మీద నడవవు. స్నాప్‌డ్రాగన్ విండోస్‌లో పాత ప్రోగ్రాములు ఆ చిప్‌కు అర్థమయ్యేలా మార్చే అనువాద పొర మీద చాలావరకు నడిచినా, ఇంటెల్, ఏఎండీల కోసం రాసిన డ్రైవర్లు (పరికరాలను నడిపించే సాఫ్ట్‌వేర్లు) ఎక్కవు. ల్యాబ్ బోర్డులు, పాత ప్రింటర్లు, కొన్ని ఆన్‌లైన్ పరీక్షల సాఫ్ట్‌వేర్లు అక్కడే మొరాయిస్తాయి. డిపార్ట్‌మెంట్ ఇచ్చే సాఫ్ట్‌వేర్ జాబితా చేతికి రాకుండా ఈ రెండూ కొనొద్దు.

ఒక మాట కటువుగానే చెప్తాను, ఏమనుకోవద్దు. మీ ప్రశ్నలో కొలీగ్ అభిప్రాయం ఉంది, షాపువాళ్ల అభిప్రాయం ఉంది, ఇంకెవరిదో అభిప్రాయం ఉంది. నాలుగేళ్లు దాన్ని మోసుకు తిరిగే అమ్మాయి ఏమంటోందో ఒక్క ముక్క లేదు. కొలీగ్ వాళ్ల అబ్బాయిది ఏ బ్రాంచో, అతను క్లాసుకు ల్యాప్‌టాప్ తీసుకెళ్తాడో లేదో మీరు అడిగినట్టు లేరు. అయినా పోలిక మాత్రం వచ్చేసింది. ఖరీదైనది కొనిస్తే మన వంతు బాధ్యత తీరిందనిపిస్తుంది, కానీ ఆ నిశ్చింత మీది, బరువు ఆమెది. రేపు ఒక సబ్జెక్టులో మార్కులు తగ్గితే 'అంత పెట్టి కొనిచ్చాం కదా' అనే మాట మీ నోటి నుంచి రాకూడదంటే, ఇవాళే ఆమెను కూర్చోబెట్టుకుని మూడు విషయాలు అడగండి. రోజుకు ప్లగ్ లేకుండా ఎన్ని గంటలు? ఎంత బరువు మోయగలదు? గేములు ఆడుతుందా? మూడోదానికి అవునంటే కోప్పడకండి. దాచి అడిగే గ్రాఫిక్స్ కార్డు కంటే నిజం చెప్పి అడిగేది నయం.

తొందర పడకుండా క్లాసులు మొదలై రెండు మూడు వారాలు గడిచాక కొనండి. అప్పటిదాకా ల్యాబ్ కంప్యూటర్లతో నడిచిపోతుంది. కొనేటప్పుడు యూ సిరీస్ గానీ, ఇంటెల్ కోర్ అల్ట్రా 200వీ రకం గానీ, తక్కువ వాట్లకు సెట్ చేసిన రైజెన్ గానీ చూడండి. మెమరీ 16 జీబీకి తగ్గొద్దు. 200వీ రకంలో మెమరీ చిప్ మీదే ఉంటుంది, తర్వాత పెంచలేరు. మోడల్ నంబరు చివరి అంకె 6 అయితే 16 జీబీ, 8 అయితే 32. అంటే 256వీకి 16, 258వీకి 32. బ్యాటరీ 50 వాట్-అవర్లకు పైన, చార్జింగ్ టైప్-సీలో, బరువు కిలోన్నర లోపు.

ఇంటికి తెచ్చిన రోజే రెండు పనులు చేయించండి. మూత మూస్తే స్లీప్ బదులు హైబర్నేట్ అయ్యేలా, అంటే చేస్తున్న పనిని దాచుకుని పూర్తిగా ఆగిపోయేలా, పవర్ ఆప్షన్స్‌లో మార్చాలి. లేకపోతే విండోస్ ల్యాప్‌టాప్ సంచిలోనే మేలుకుని, వేడెక్కి, బ్యాటరీ ఖాళీ చేసేసే ప్రమాదం ఉంది. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని కలిపి కొడితే ఒక నివేదిక వస్తుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. కొత్తదానిలో రెండోది మొదటిదానికంటే పదో వంతుకు మించి తక్కువగా ఉంటే, వాపసు గడువు దాటకముందే తీసుకెళ్లి మార్చమని అడగండి.