ఇంటర్ బైపీసీ తర్వాత ఎక్స్‌రే, సీటీ, ఎంఆర్ఐ పనిలోకి రావాలంటే

మీ చెల్లి బైపీసీ పాసైంది, నీట్‌లో సీటు రాలేదు, రేడియాలజీ టెక్నీషియన్ కోర్సులో చేర్పించవచ్చా, ఆడపిల్లకు రేడియేషన్‌తో ఇబ్బందా అని అడిగారు. నిశ్చింతగా చేర్పించండి. కాలేజీ విషయంలో మాత్రం తొందరపడకండి.

దారులు రెండు. పారామెడికల్ బోర్డు కింద రెండేళ్ల మెడికల్ ఇమేజింగ్ డిప్లొమా, అంటే డీఎంఐటీ. లేదా హెల్త్ యూనివర్సిటీ కింద బీఎస్సీ ఇమేజింగ్ టెక్నాలజీ: మూడేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. ఇంట్లో వీలుంటే డిగ్రీయే చదివించండి. ఎమ్మెస్సీకి, టీచింగ్‌కి అదే దారి. త్వరగా సంపాదన కావాలంటే డిప్లొమా తక్కువేం కాదు. రైల్వే రేడియోగ్రాఫర్ పోస్టుకు ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీతో పాటు రెండేళ్ల డిప్లొమా సరిపోతుంది. బోర్డు గుర్తింపు లేని ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సుల జోలికి పోవద్దు, రిజిస్ట్రేషన్ దగ్గరే ఆగిపోతారు.

కాలేజీలో అడగాల్సిన మొదటి ప్రశ్న: అనుబంధ ఆసుపత్రిలో సొంత సీటీ, ఎంఆర్ఐ ఉన్నాయా, పేషెంట్‌ని పొజిషన్ చేసే పని విద్యార్థులకు ఇస్తారా, లేక స్ట్రెచర్లు తోయిస్తారా? ఉద్యోగ ఇంటర్వ్యూల్లో మేం ముందు అడిగేది చెస్ట్ పీఏ, అంటే వీపు వైపు నుంచి తీసే ఛాతీ ఎక్స్‌రే. ఎక్స్‌రేలు వచ్చే ట్యూబ్‌కి, వాటిని అందుకునే డిటెక్టర్‌కి మధ్య ఆరడుగులు ఉండాలి. భుజాలు ముందుకు తోయించాలి, లేకపోతే రెక్క ఎముకలు ఊపిరితిత్తుల మీద పడతాయి. ఊపిరి పూర్తిగా పీల్చి బిగపట్టించాలి, సగం పీలిస్తే గుండె ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది. కుడి ఎడమల మార్కర్ మర్చిపోతే తప్పు వైపు చికిత్స జరిగే ప్రమాదం ఉంది. ఇవి పుస్తకంతో వచ్చేవి కావు, రోజూ పేషెంట్లతో చేస్తేనే వస్తాయి.

ఇంకొకటి చాలామందికి నేర్పరు. పాత ఫిల్మ్‌లో ఎక్స్‌పోజర్ (ఇచ్చే ఎక్స్‌రేల మోతాదు) ఎక్కువైతే నల్లబడి తప్పు తెలిసేది. డిజిటల్‌లో అలా తెలియదు, బొమ్మ ఇంకా శుభ్రంగా వస్తుంది. తగ్గితేనే గరుకుగా కనిపిస్తుంది. దాంతో ఎందుకైనా మంచిదని ఎంఏఎస్ (మెషీన్‌లో ఎక్స్‌రేల మోతాదు సెట్టింగ్) పెంచుతూ పోతారు, ఆ డోసంతా పేషెంట్‌కే. ప్రతి ఎక్స్‌రేకి డిటెక్టర్‌కి ఎంత మోతాదు అందిందో చెప్పే అంకె, ఎక్స్‌పోజర్ ఇండెక్స్ చూసే అలవాటు మొదటి ఏడాదే పడాలి.

రేడియేషన్ భయం గురించి. ఎంఆర్ఐలో ఎక్స్‌రేలు లేనే లేవు. ఎక్స్‌రే, సీటీలో పనిచేసేవాళ్లకు అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) పెట్టిన పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (రేడియేషన్ డోసు కొలత), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. ఒంటికి తగిలిన డోసును కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జ్‌ని ఛాతీ దగ్గర, లెడ్ ఏప్రాన్ లోపల పెట్టుకోవాలి. సీసపు అడ్డం వెనక నిలబడితే పడేది చాలా తక్కువ. డోసు పెరిగేది పిల్లల్ని, కదిలే పేషెంట్లని టెక్నీషియనే పట్టుకున్నప్పుడు, ఆపరేషన్ థియేటర్లో సీ-ఆర్మ్ అనే ఎక్స్‌రే మెషీన్ పక్కనే నిలబడినప్పుడు. పట్టుకోక తప్పకపోతే వెంట వచ్చినవాళ్లకు ఏప్రాన్ వేసి పట్టించాలి. ఏప్రాన్‌ని మడత పెట్టకూడదు, లోపల పగుళ్లు వస్తాయి, హ్యాంగర్‌కి వేలాడదీయాలి. గర్భం వస్తే వెంటనే రాతపూర్వకంగా చెప్పి, రేడియేషన్ లేని డ్యూటీ అడగాలి. ఆ అడగడంలో మొహమాటం వద్దు.

నిజంగా జాగ్రత్త పడాల్సింది ఎంఆర్ఐ అయస్కాంతంతో. స్కాన్ జరగకపోయినా అది పనిచేస్తూనే ఉంటుంది. 2018లో ముంబైలో ఒక ఆసుపత్రి ఎంఆర్ఐ గదిలోకి ఆక్సిజన్ సిలిండర్ తీసుకెళ్లిన మనిషి, అయస్కాంతం దాన్ని లాగేయడంతో చనిపోయాడు. తలుపు దగ్గర ఆపి లోహపు వస్తువులున్నాయా అని అడిగే బాధ్యత టెక్నీషియన్‌దే.

కడుపుతో ఉన్నవాళ్లకు స్కానింగ్ చేయొచ్చన్న ఆశతో మాత్రం రావద్దు. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం (పీసీపీఎన్‌డీటీ) ప్రకారం అది అర్హత ఉన్న డాక్టర్లే చేయాలి. రిపోర్టు రాసేదీ రేడియాలజిస్టే. విదేశాల ఆలోచన ఉంటే, బ్రిటన్‌లో ఆరోగ్య వృత్తుల నియంత్రణ సంస్థ హెచ్‌సీపీసీ రిజిస్ట్రేషన్ కావాలి, దానికి డిగ్రీ ఉండటం మేలు. గల్ఫ్‌కి సర్టిఫికెట్ల వెరిఫికేషన్, పరీక్ష, పని అనుభవం అడుగుతారు.

ఫీజు కట్టేముందు కాలేజీ పేరు బోర్డు జాబితాలో చూసుకోండి. తర్వాత ఒకరోజు ఉదయం ఓపీ సమయంలో అనుబంధ ఆసుపత్రి ఎక్స్‌రే గది బయట గంటసేపు కూర్చోండి. ఎంతమంది పేషెంట్లు లోపలికి వెళ్తున్నారో, వాళ్లతో విద్యార్థులు వెళ్తున్నారో లేదో అక్కడే తెలుస్తుంది.