పుట్టని పుస్తకాల గురించి మూడు ఉత్తరాలు

ప్రశ్న: మేం డిగ్రీ ఆఖరి సంవత్సరం విద్యార్థులం, ఏడుగురం. 1565లో తళ్ళికోట యుద్ధంలో విజయనగరం గెలిచి ఉంటే తెలుగులో ఏయే పుస్తకాలు వచ్చేవో ఊహించి, కేటలాగులాంటి లిఖిత పత్రిక తెస్తున్నాం. ఇప్పటికి పదకొండు పుస్తకాలు తయారయ్యాయి. అందులో తొమ్మిది, విజయనగర సేనను నడిపిన రామరాయల విజయం మీద ప్రబంధాలే. ఒక్కటీ నిజమైన పుస్తకంలా అనిపించడం లేదు మేడమ్. ఎక్కడ తప్పుతున్నాం?
– ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: అమ్మా, ప్రబంధాలు యుద్ధానికి ముందు కూడా ఉన్నాయి కదా. గెలిచిన రాజు మీద ఇంకో తొమ్మిది వస్తే లోకం మారినట్టు ఎలా తెలుస్తుంది? కవిని కాసేపు పక్కన పెట్టండి. పుస్తకం ఎవరు తయారుచేశారు, ఎవరు డబ్బిచ్చారు, ఎవరు కొన్నారు అని అడగండి.

నేనైతే గుర్రాల దగ్గర మొదలుపెడతాను. 1547లో విజయనగరానికీ గోవా పోర్చుగీసులకూ ఒప్పందం కుదిరింది. గుర్రాలు విజయనగరానికే అమ్మాలన్నది అందులో ముఖ్యమైన షరతు. అదే గోవాలో 1556లో అచ్చుయంత్రం దిగింది. అంటే యుద్ధానికి తొమ్మిదేళ్ళ ముందే! గుర్రాలు వచ్చే దారినే అచ్చు కూడా హంపికి రావడానికి ఇంకో పదేళ్ళు నగరం నిలబడి ఉంటే చాలునని నా ఊహ. 1578లో కొల్లంలో తమిళ అక్షరాలతో పుస్తకం అచ్చయింది. అది పదహారు పేజీల ప్రార్థన పుస్తకం. తెలుగు అచ్చు చూడటానికి మనం 1746 దాకా ఆగాలి. అదీ ఇక్కడ కాదు, జర్మనీలోని హాలే పట్టణంలో.

ఆ పదహారు పేజీలు గుర్తుపెట్టుకోండి. మా నాన్నగారు తెనాలిలో చిన్న ట్రెడిల్ ప్రెస్సు నడిపేవారు. బడి నుంచి రాగానే నేను అక్షరాల గళ్ళపెట్టె (కేసు) ముందు నిలబడి, వాడేసిన సీసం అక్షరాలు మళ్ళీ వాటి గళ్ళలో వేసేదాన్ని. గుణింతాలకు వేరు, వత్తులకు వేరు, గళ్ళు వందల్లో ఉండేవి. ఒక్క వత్తు తక్కువైతే అచ్చుకు పేర్చిన ఫారం అక్కడే ఆగిపోయేది. అందుకే చెబుతున్నాను, కొత్తగా అచ్చు పెట్టినవాడు ముందు ఆరు ఆశ్వాసాల (అధ్యాయాల) కావ్యం జోలికి పోడు. త్వరగా అయిపోయే చిన్న పుస్తకం వేస్తాడు.

కాబట్టి నా కేటలాగులో మొదటి పుస్తకం 'గుర్రపు వైద్యం'. ఇరవై నాలుగు పేజీలు, హంపి బజారులో అచ్చయింది. దానికి అంకితం పుచ్చుకున్న కృతిపతి లేడు, ఆయనను పొగిడే షష్ఠ్యంత పద్యాలు లేవు. ఆశ్వాసం చివర కవి తన పేరూ తండ్రి పేరూ చెప్పుకునే గద్యం ఉండే చోట అంగడి గుర్తులూ వెలా ఉంటాయి. భాష బేరగాళ్ళ వచనం. అలమారా, మేస్త్రీ లాంటి పోర్చుగీసు మాటలు మనకు ఎలాగూ మిగిలాయి, ఆ పుస్తకంలో గుర్రపు జీనుకూ కళ్ళేనికీ కూడా అలాంటి మాటలే కనిపిస్తాయి. మూడో పేజీలో ఒక వత్తు తలకిందులుగా పడి ఉంటుంది. అది తప్పకుండా పెట్టండి.

ఇంకొకటి. అప్పటికి తెలుగు లిపి, కన్నడ లిపి ఇప్పటికన్నా చాలా దగ్గరగా ఉండేవి. తర్వాత అచ్చు వచ్చాకే ఎవరి రూపం వారికి గట్టిపడింది. రెండు భాషలూ నడిచే హంపిలో అక్షరాలు పోతపోసేవాడు రెండు సెట్లు ఎందుకు పోస్తాడు? ఒకటే పోస్తాడు. అప్పుడు ఈనాటికీ బళ్ళారి బస్సు బోర్డు మీరూ నేనూ తడుముకోకుండా చదివేవాళ్ళం. మీ లిఖిత పత్రికను ఆ ఉమ్మడి లిపిలో రాసే ప్రయత్నం చేయండి. ఈ ఆలోచన వచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇక కష్టమైన పని. మీ లోకంలో రాని పుస్తకాల జాబితా కూడా రాయాలి. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా రాజు కాకముందు ఏడేళ్ళు రామరాయల దగ్గరే తలదాచుకున్నాడు. తర్వాత ఆయన మీదికే యుద్ధానికి వచ్చాడు. తెలుగు కవులను ఆదరించి మల్కిభరాముడు అనిపించుకున్నవాడు కూడా ఆయనే. తళ్ళికోటలో ఆయన ఓడిపోతే? గోల్కొండ అధికారి అమీన్‌ఖాన్‌కు అంకితమైన పొన్నికంటి తెలగన్న 'యయాతి చరిత్ర', మన మొదటి అచ్చతెలుగు కావ్యం, ఉండేదా? విజయనగరం బలహీనపడ్డాక కదా తంజావూరు నాయకులు సొంతంగా నిలబడ్డారు. ఆ కొలువే లేకపోతే అక్కడి రాజు విజయరాఘవుడి యక్షగానాలు లేవు, రంగాజమ్మ 'మన్నారుదాస విలాసం' లేదు. రంగాజమ్మ పేరు కొట్టేసేటప్పుడు నాకు చెయ్యి ఆడలేదు. మీరు కూడా ఆ పేర్లు ఒక్కొక్కటీ చేత్తో రాసి, మీ చేత్తోనే కొట్టేయండి. ఆ పేజీని కేటలాగు మధ్యలో పెట్టండి.

ప్రశ్న: పిల్లలు ఇలా లేని పుస్తకాలు సృష్టిస్తుంటే నాకు టెన్షన్‌గా ఉంది. రేపు ఇవే వాట్సాప్‌లో నిజమైన చరిత్రగా తిరుగుతాయి. మీరు ప్రోత్సహించడం సరైనదేనా?
– రిటైర్డ్ తెలుగు ఉపాధ్యాయులు, నంద్యాల

జవాబు: మాస్టారూ, మీ భయం నాకూ ఉంది, అనుభవం కూడా ఉంది. చాలా ఏళ్ళ క్రితం ఒక లేని నిఘంటువుకు పీఠిక రాశాను. కథ అని పైన చిన్న అక్షరాల్లో వేశారు. రెండేళ్ళ తర్వాత ఒక సభలో చదివిన వ్యాసంలో ఆ పీఠిక ఆధారంగా వచ్చింది. రాసినవారిని కలిసి చెప్పాను, పాపం చాలా చిన్నబుచ్చుకున్నారు. ఆ తప్పు నాదేనని ఇప్పటికీ అనుకుంటాను.

వేమన సంగతి మీరే క్లాసులో చెప్పి ఉంటారు. 'విశ్వదాభిరామ వినుర వేమ' అని చివర తగిలిస్తే చాలు, ఎవరి పద్యమైనా ఆయన పద్యమైపోయింది. ఏది ఆయనదో, ఏది కాదో పండితులు కూడా విడదీయలేకపోతున్నారు. అందుకే నిజంగా బతికిన కవి పేరుతో ఒక్క పాదం కూడా అల్లవద్దని పిల్లలకు గట్టిగా చెబుతాను. కవిని కూడా ఊహించుకోవలసిందే. రెండోది, ఊహ అన్న గుర్తు అట్టమీద ఉంటే సరిపోదు. ఫొటో తీసి పంపేది ఒక్క పేజీయే కాబట్టి ప్రతి పేజీలోనూ, ఆ రాతలోనే ఉండాలి. 'తళ్ళికోటలో గెలిచిన తొమ్మిదో ఏట' అని ఉంటే చరిత్ర కొంచెం తెలిసినవారు ఎవరైనా ఆగుతారు. తెలియనివారి కోసం పేజీ కింద 'ఇది ఊహ' అని పెద్ద అక్షరాల్లో రాయాలి.

ఈ రెండూ పాటిస్తే నేను ప్రోత్సహిస్తాను మాస్టారూ. పై ఉత్తరం రాసిన అమ్మాయి తంజావూరు వాఙ్మయం గురించి పరీక్ష కోసం ఎంత చదివి ఉంటుందో మీకు తెలుసు. ఇప్పుడు కొట్టేయడం కోసమైనా మొత్తం వెతికి చదవాలి.

ప్రశ్న: మా తాతగారు సినిమా పాటల పుస్తకాలు దాచారు. సినిమాకు మాటలే రాని లోకం ఊహించి ఒక పాటల పుస్తకం చేయవచ్చా?
– ఒక పాఠకుడు, మచిలీపట్నం

జవాబు: బాబూ, మాటలు రాకపోతే పాటల పుస్తకం ఉండదు. దాని బదులు తెరమీద పడే అక్షరాల పుస్తకం ఉంటుంది. హాల్లో చదువు రానివాళ్ళకు ఎవరో ఒకరు గట్టిగా చదివి వినిపించాలి కదా, ఆ చదివేవాడి కాపీ చేయండి. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు పెంచాలో మార్జిన్లలో పెన్సిలు గుర్తులు పెట్టండి. మీ ఊళ్ళో పుట్టిన రఘుపతి వెంకయ్య గారూ ఆయన కుమారుడు ప్రకాష్ గారూ 1921లో తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' మూకీ ఇప్పుడు చూద్దామంటే దొరకదు. దాని జోలికి మాత్రం వెళ్ళకండి. అది నిజంగా ఉండి పోయిన సినిమా, అందులోని అక్షరాలు మనం కల్పించకూడదు. మీరు వేరే సినిమా పుట్టించుకుని, చదివేవాడి కాపీలో ముందు మొదటి రీలు వరకు రాసి పంపండి.