ఆ మాత్ర వారానికి ఒక్క రోజే!

ప్రశ్న: నా వయసు 34. ఆరు నెలలుగా రెండు చేతుల వేళ్ల కణుపులు, మణికట్లు వాచి నొప్పి పెడుతున్నాయి. పొద్దున లేచాక గంటన్నర దాకా పిడికిలి బిగించలేను. పరీక్షలు చేసి రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నారు. మెథోట్రెక్సేట్ 15 మిల్లీగ్రాములు, ఫోలిక్ యాసిడ్ రాశారు. ఇంటికొచ్చి చదివితే అది క్యాన్సర్ మందని, రోగనిరోధక శక్తిని అణిచేస్తుందని ఉంది. మూడు వారాలు వాడినా నొప్పి తగ్గలేదు, పైగా మాత్ర వేసుకున్న మర్నాడంతా వికారం. పది రోజుల క్రితం ఆపేసి నొప్పి మాత్రలతో నెట్టుకొస్తున్నాను. వచ్చే ఏడాది రెండో బిడ్డ కావాలనుకుంటున్నాం. ఈ మందు నాకు నిజంగా అవసరమా? ఇంకో మాట... మూడో వారంలో పొరపాటున వరుసగా మూడు రోజులు వేసుకున్నాను. తర్వాత నోట్లో పుండ్లు లేచాయి. ఇప్పుడు కాస్త నయం. - ఒక పాఠకురాలు

జవాబు: మీరు 'ఇంకో మాట' అంటూ చివర్లో రాసిన విషయంతోనే మొదలుపెడతాను. మిగతావన్నీ రేపు మాట్లాడుకున్నా ఫర్వాలేదు, ఇది మాత్రం ఆగదు. ఈ జవాబు చదివిన రోజే రక్తపరీక్ష చేయించుకోండి. తెల్లకణాలు, ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయో చెప్పే పరీక్షతో పాటు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, కాలేయ పరీక్ష కూడా కావాలి. రిపోర్టులు మీ డాక్టర్‌కు చూపించి, మూడు రోజులు వేసుకున్న సంగతి దాచకుండా చెప్పండి. నోటి పుండ్లు తగ్గాయని ఊరుకోవద్దు. ఈ మందు మోతాదు మించితే నోటి లోపలి పొరతో పాటు ఎముక మూలుగ కూడా దెబ్బతింటుంది. పుండ్లు కంటికి కనిపిస్తాయి, మూలుగలో జరిగేది కనిపించదు. జ్వరం, చలి, గొంతునొప్పి, చర్మం మీద ఎర్రటి చుక్కలు, చిగుళ్ల నుంచి రక్తం, కొత్తగా పుండ్లు... వీటిలో ఏది ఉన్నా నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. మోతాదు మించినప్పుడు ఇచ్చే విరుగుడు ఉంది, దాని పేరు ఫోలినిక్ యాసిడ్. ల్యూకోవోరిన్ అనీ అంటారు. అది ఎంత త్వరగా అందితే అంత మేలు. మీరు వేసుకునే ఫోలిక్ యాసిడ్ మాత్ర దానికి ప్రత్యామ్నాయం కాదు.

వారానికి 15 మిల్లీగ్రాములు భరించే శరీరం, రోజూ అంతకన్నా తక్కువ వేసుకున్నా ఎందుకు తట్టుకోలేదు? మెథోట్రెక్సేట్ రక్తంలో నుంచి ఒక రోజులో చాలావరకు వెళ్లిపోతుంది కానీ కణాల లోపల చేరినది అక్కడే నిలుస్తుంది. మూలుగ, నోరు, పేగుల లోపలి పొర ఎప్పటికప్పుడు కొత్త కణాలను తయారు చేసుకుంటూ ఉంటాయి. వారంలో ఒక్క రోజు మందు పడితే మిగతా ఆరు రోజులూ అవి కోలుకుంటాయి. రోజూ పడితే ఆ తెరిపి దొరకదు. నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన తొమ్మిది రోజులు రోజుకొకటి చొప్పున మింగి, గుటక కూడా వేయలేని స్థితిలో వచ్చారు. చీటీలో వారానికి అనే ఉంది. కానీ ఇంట్లో మిగతా మాత్రలన్నీ రోజువారీవి కావడంతో దీన్నీ వాటితో పాటే డబ్బాలో సర్దేశారు. ఆయన కోలుకున్నారు, కానీ ఆసుపత్రిలో గడిపిన ఆ రోజులు ఆ కుటుంబం మరిచిపోలేదు. ఇది ఒక్కరి పొరపాటు కూడా కాదు. ఇలాంటివి ఆగడం లేదనే 2019లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ, ఈ మాత్రల ప్యాకెట్ మీద స్పష్టమైన హెచ్చరిక ఉండాలనీ, రోగి దగ్గర గుర్తుచేసే కార్డు ఉండాలనీ చెప్పింది.

కాబట్టి మళ్లీ మొదలుపెట్టే రోజున చీటీ మీద 'వారానికి ఒకసారి' అని కాకుండా వారం పేరే రాయించుకోండి. 'సోమవారం మాత్రమే' అన్నట్టు. ఫోలిక్ యాసిడ్‌కు వేరే రోజు రాయించుకోండి. ఈ రెండూ పసుపు రంగులో చిన్నగా ఉండే రకాలు ఉన్నాయి, ఒకటి అనుకుని ఇంకొకటి మింగినవాళ్లు ఉన్నారు. రెంటినీ ఒకే డబ్బాలో పెట్టొద్దు. ఇంకో ప్రమాదం మాత్ర బలం దగ్గర ఉంది. 15 మిల్లీగ్రాములంటే 2.5 మిల్లీగ్రాముల మాత్రలు ఆరు. అలవాటుగా ఆరు మింగే మనిషికి దుకాణంలో 10 మిల్లీగ్రాముల మాత్రలు ఇచ్చారనుకోండి, ఒక్కసారిగా 60 మిల్లీగ్రాములు పడతాయి. కొన్న ప్రతిసారీ స్ట్రిప్ మీద అంకె చూసుకోండి. ఒక వారం మరిచిపోతే, రెండు రోజుల లోపు గుర్తొస్తే వేసుకోవచ్చు. అది దాటితే ఆ వారం వదిలేయండి. రెండు వారాలది కలిపి వేసుకోవడం అనేది ఎప్పటికీ లేదు.

ఇక మీ అసలు ప్రశ్న. అవును, ఇది క్యాన్సర్‌కూ వాడతారు. దీనికి అక్కలాంటి అమినోప్టెరిన్‌తో చిన్నపిల్లల బ్లడ్ క్యాన్సర్ తాత్కాలికంగా తగ్గిందని 1948లో సిడ్నీ ఫార్బర్ చూపించారు. మెథోట్రెక్సేట్ ఆ దారిలోనే వచ్చింది. కానీ కొన్ని క్యాన్సర్లలో ఇచ్చే మోతాదు ఒక్కసారికే వేల మిల్లీగ్రాములు ఉంటుంది. కీళ్లవాతానికి వారానికి 7.5 నుంచి 25 దాకా. పేరు ఒకటే, పని వేరు. ఈ చిన్న మోతాదులో ఇది కణాలను చంపడం కోసం కాదు, దారి తప్పి మీ కీళ్ల పొర మీదే దాడి చేస్తున్న రోగనిరోధక వ్యవస్థను శాంతపరచడం కోసం. వాపును తగ్గించే అడెనోసిన్ అనే సహజ పదార్థం పెరిగేలా చేయడం దీని పనిలో ముఖ్యభాగం అని ఇప్పుడు భావిస్తున్నారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1988లోనే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు దీన్ని ఆమోదించింది. ఈ జబ్బుకు మొదట ఎంచుకునే మందు నేటికీ ఇదే. నొప్పి మాత్రలు నొప్పిని మాత్రమే తగ్గిస్తాయి, లోపల ఎముక అరిగిపోవడాన్ని ఆపవు. ఆ నష్టం మొదటి ఒకటి రెండేళ్లలోనే మొదలవుతుంది, ఒకసారి అరిగిన ఎముక వెనక్కి రాదు. మీ జబ్బుకు ఇంకా ఆరు నెలలే. అందుకే మీరు మందు మానేసి కూర్చోవడం నాకు బాధగా ఉంది.

మూడు వారాలకు నొప్పి తగ్గలేదంటే మందు పనిచేయలేదని కాదు. దీని ప్రభావం తెలియడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. ఆ లోపు గడపడానికి డాక్టర్లు కొద్ది మోతాదులో ప్రెడ్నిసలోన్ లాంటి స్టెరాయిడ్ ఇచ్చి, తర్వాత మెల్లగా తగ్గిస్తారు. అడగండి. వికారానికీ దారులున్నాయి. రాత్రి భోజనం చేశాక వేసుకుని పడుకోవడం, ఫోలిక్ యాసిడ్ పెంచడం, లేదా ఆ రోజు మోతాదునే ఉదయం సగం, రాత్రి సగం చేయడం. ఈ విభజన ఒకే రోజులో జరగాలి, డాక్టర్ చెప్తేనే జరగాలి. ఇవేవీ కుదరకపోతే ఇదే మందు చర్మం కింద ఇంజెక్షన్‌గా ఉంది, అందులో కడుపు బాధ తక్కువ.

మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బి, సి పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే తీశారా అని చూసుకోండి. మొదలయ్యాక మొదటి మూడు నెలలు ప్రతి రెండు నుంచి నాలుగు వారాలకు, తర్వాతి మూడు నెలలు రెండు మూడు నెలలకోసారి, ఆపైన మూడు నెలలకోసారి రక్తకణాలు, కాలేయం, కిడ్నీ పరీక్షలు జరగాలి. ఒంట్లో బాగానే ఉందని వీటిని మానేసేవాళ్లే ఎక్కువ. కాలేయం దెబ్బతినడం మొదట్లో ఏ బాధా పెట్టదు కనుకే పరీక్ష. మద్యం మానేయడమే మంచిది.

ఈ మందు కిడ్నీల ద్వారా బయటకు పోతుంది. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు అది లోపలే పేరుకుపోతుంది. అలాంటి వారం మాత్ర ఆపి డాక్టర్‌కు ఫోన్ చేయండి. నొప్పి మాత్రలు మీ కిడ్నీలు బాగుంటే డాక్టర్ పర్యవేక్షణలో వాడొచ్చు, సొంతంగా ఇష్టమొచ్చినన్ని కాదు. అన్నింటికన్నా జాగ్రత్త పడాల్సింది కో-ట్రైమోక్సజోల్ దగ్గర. మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కు మామూలుగా రాసే యాంటీబయాటిక్ ఇది. దీనిలోని ట్రైమెథోప్రిమ్, మెథోట్రెక్సేట్ రెండూ కొత్త కణాల తయారీకి కావాల్సిన ఫోలేట్ అనే బి విటమిన్ మీదే దెబ్బ కొడతాయి. కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా, పంటి వైద్యుడి దగ్గరికైనా, ముందుగా మెథోట్రెక్సేట్ వాడుతున్నానని చెప్పండి.

రోగనిరోధక శక్తి పూర్తిగా పోతుందన్న భయం వద్దు. ఇన్‌ఫెక్షన్ ముప్పు కొంత పెరుగుతుంది, అంతే. జ్వరంతో యాంటీబయాటిక్ వాడాల్సి వస్తే సాధారణంగా తగ్గేదాకా మాత్ర ఆపుతారు. ఫ్లూ, న్యుమోనియా టీకాలు వేయించుకోండి. బతికున్న క్రిములతో చేసే టీకాలు మాత్రం డాక్టర్‌ను అడగకుండా వద్దు. కొత్తగా పొడిదగ్గు, ఆయాసం వస్తే మామూలు దగ్గనుకోవద్దు. అరుదుగా ఈ మందు ఊపిరితిత్తుల్లో వాపు తెస్తుంది, వెంటనే ఆపి చూపించుకోవాలి.

చివరగా బిడ్డ సంగతి. ఇది మీ చికిత్సనంతా మార్చే విషయం, మొదటి రోజే డాక్టర్‌కు చెప్పాల్సింది. మెథోట్రెక్సేట్ కడుపులో బిడ్డకు అవయవలోపాలు తేగలదు, గర్భస్రావం చేయగలదు. పాలిచ్చేటప్పుడూ వద్దు. మళ్లీ మొదలుపెట్టే ముందు గర్భం లేదని పరీక్షతో తేల్చుకోవాలి, వాడినన్నాళ్లూ నమ్మకమైన గర్భనిరోధక పద్ధతి పాటించాలి. బిడ్డ కోసం ప్రయత్నించడానికి కనీసం ఒకటి నుంచి మూడు నెలల ముందు దీన్ని ఆపుతారు. అయితే ఆపడమంటే చికిత్స లేకుండా ఉండటం కాదు. గర్భధారణలో వాడదగ్గ హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజిన్ లాంటి వాటికి మారుస్తారు. మీకు ఏడాది సమయం ఉంది కనుక, ముందు జబ్బును అదుపులోకి తెచ్చి, మందులు మార్చి, ఆ కొత్త మందులతో కొన్ని నెలలు కీళ్లు నిమ్మళంగా ఉన్నాక ప్రయత్నించడం మేలని నా అభిప్రాయం. జబ్బు అదుపులో ఉన్న తల్లికి కాన్పు కూడా మెరుగ్గా సాగుతుంది. ఈలోపు అనుకోకుండా నెల తప్పితే మెథోట్రెక్సేట్ ఆపేసి అదే రోజు డాక్టర్‌ను కలవండి. ఫోలిక్ యాసిడ్ మాత్రం ఆపొద్దు.