అవెంటస్ క్లోన్‌లో నిమ్మకాయ ఘాటు: అసలుదే కొనాలా?

క్లబ్ డి నుయి ఇంటెన్స్ మ్యాన్ (క్రీడ్ కంపెనీ ఖరీదైన సెంటు అవెంటస్‌ని పోలిన వాసనతో చేసిన సెంటు, అంటే దాని క్లోన్) కొట్టుకుంటే నిమ్మకాయ ఘాటు తప్ప ఏమీ రావట్లేదు, డబ్బులు దాచుకుని క్రీడ్ అవెంటసే కొనాలా అని అడిగారు కదండీ. తొందరపడకండి.

ఆ ఘాటు మీ బాటిల్ లోపం కాదు, ఆ సెంటు తీరే అంత. 2010లో వచ్చిన అవెంటస్‌లో కొట్టగానే అనాసపండు తియ్యదనం మెత్తగా తగులుతుంది. ఆర్మాఫ్ వాళ్ల ఈ క్లోన్‌లో ఆ చోటంతా నిమ్మదే. అసలు తేడా ఎక్కువగా ఆ మొదటి అరగంటలోనే. తర్వాత మిగిలే పొగవాసన, కస్తూరి వాసనల్లో రెండూ బాగా దగ్గరకొస్తాయి. పక్కన కూర్చున్నవాళ్లు కనిపెట్టడం కష్టం. నిలిచి ఉండటంలోనూ క్లోనేమీ తక్కువ తినలేదు.

కాబట్టి బయల్దేరే అరగంట ముందే కొట్టుకోండి, రెండు స్ప్రేలు చాలు. కొట్టిన వెంటనే మణికట్టు ముక్కుకి ఆనించి చూడకండి (మొదట్లో నేనూ అదే చేసి తిట్టుకున్నాను).

అయినా మనసు పీకుతుంటే, అవెంటస్ బాటిల్ జోలికి పోకుండా 2 మి.లీ. డీకాంట్ (అసలు బాటిల్లోంచి చిన్న సీసాలోకి తీసి అమ్మేది) తెప్పించండి. ఒక చేతికి అది, ఇంకో చేతికి ఇది కొట్టి సాయంత్రం దాకా చూడండి. ఆ అరగంట కోసం అన్ని వేలు పెట్టాలనిపిస్తే కొనండి. నాకైతే అనిపించలేదు.