స్పీడ్ బ్రేకర్ కన్నా ముందు ముగ్గుపిండితో గీసి చూడండి

పెద్ద రోడ్డు నుంచి మీ కాలనీలోకి మళ్లే చోట బండ్లు వేగం తగ్గించకుండా దూసుకువస్తున్నాయని, మున్సిపాలిటీ పట్టించుకునేలోపు తక్కువ ఖర్చుతో మీరే చేసుకోగలిగిన పని ఏదైనా ఉందా అని అడిగారు. మహబూబ్‌నగర్‌లో రాయచూరు రోడ్డు నుంచి చీలే మా వీధికీ ఇదే కష్టం ఉండేది. మా పిల్లలు బడికి ఆ మలుపు దాటే నడిచి వెళ్లాలి.

మేము మొదట తప్పు చేశాము. తలా కొంత వేసుకుని మేస్త్రీతో సిమెంటు స్పీడ్ బ్రేకర్ పోయించాము. రోడ్లకు ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తుకు, బండి వెళ్లే దిశలో 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. మాది జానెడు ఎత్తు, మూరెడు వెడల్పు ఉన్న కట్ట. మూడో రోజు తెల్లవారుజామున పాలు తెచ్చే మనిషి చీకట్లో దాని మీద పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. అదే రోజు దాన్ని పగలగొట్టాము. ఆ బాధ ఇప్పటికీ ఉంది కాబట్టే, సొంతంగా స్పీడ్ బ్రేకర్ కట్టవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఆ తరువాత మలుపును కొన్నాళ్లు గమనించాము. చక్రాలు తిరిగే చోట తారు నల్లగా మెరుస్తుంది, చక్రం తగలని చోట దుమ్మూ కంకరా నిలుస్తాయి. మలుపు అవసరానికి మించి వెడల్పుగా ఉండటం వల్లే బండ్లు బ్రేకు వేయకుండా తిరుగుతున్నాయని ఆ దుమ్మే మాకు చూపించింది. ఒక ఆదివారం పొద్దున దుమ్ము అంచు నుంచి మరో రెండడుగులు రోడ్డు మధ్యవైపుకు జరిపి ముగ్గుపిండితో వంపు గీశాము. నీళ్ల ట్యాంకర్ ట్రాక్టరును పిలిపించి, గీత తొక్కకుండా తిరగగలదో లేదో చూశాము, ఎందుకంటే రేపు ఫైరింజనో 108 బండో రావలసివస్తే అది ఇరుక్కోకూడదు. సాయంత్రానికి ముగ్గు ఎక్కడ చెరిగిందో చూసి, అక్కడ గీతను కాస్త వెనక్కి జరిపాము. 2009లో న్యూయార్క్‌లోని టైమ్స్ స్క్వేర్ దగ్గర కూడా ముందు డ్రమ్ములు అడ్డుపెట్టి, మడత కుర్చీలు వేసి చూశాకే పక్కా కట్టడానికి పూనుకున్నారు.

గీత కుదిరాక దాని వెంట పాత టైర్లు పెట్టాము. పంక్చరు దుకాణంలో అవి ఊరికే దొరికాయి. తెల్ల రంగు, రేడియం స్టిక్కర్లకు మాత్రమే ఖర్చయింది. టైర్లలో నీళ్లు నిలిస్తే దోమలు పెరుగుతాయి కాబట్టి అడుగున రంధ్రాలు చేసి మొరంతో నింపండి. రోడ్డు మీద మాత్రం నూనె రంగు పూయవద్దు, వానకు బైకులు జారుతాయి. మొదట్లో బైకులు టైర్ల మధ్య సందుల్లోంచి దూరిపోయేవి. సందులు తగ్గించాక అది ఆగింది. మలుపును కమ్మేసిన సర్కారు తుమ్మ కొమ్మలు కొట్టేయడానికి ఒక పూట పట్టింది, దానితో ఎదురుగా వచ్చే పిల్లవాడు దూరం నుంచే కనిపిస్తున్నాడు.

ఇప్పుడు ఆటోలు కూడా మలుపు దగ్గర నెమ్మదిస్తున్నాయి. వేగం సగమైతే బ్రేకు పడ్డాక బండి ఆగే దూరం నాలుగో వంతుకు తగ్గుతుంది. పైగా పిల్లలు దాటవలసిన వెడల్పు కూడా తగ్గింది.

టైర్లు పెట్టే ముందు మున్సిపల్ కమిషనరుకు, ట్రాఫిక్ పోలీసులకు రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి అనుమతి తీసుకోండి, ఎందుకంటే దారికి అడ్డు కల్పించడం భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ కింద నేరమవుతుంది. మేము పెద్ద రోడ్డు మీద ఒక్క గీత కూడా గీయలేదు, పనంతా వీధి లోపలే చేశాము. దరఖాస్తుతో పాటు ముగ్గు గీయకముందు, గీసిన తరువాత ఒకే చోట నిలబడి తీసిన ఫొటోలు జతచేయండి. మా దగ్గరికి వచ్చిన ఇంజనీరు మొదట అడిగింది వాటినే.