అకౌంట్ తర్వాత, ముందు ఇంటికి ఫోన్ చెయ్యి తమ్ముడూ

కందుకూరు తమ్ముడూ, ఇన్‌స్టా హ్యాక్ అయిందని పొద్దున్నుంచి పాస్‌వర్డ్‌తోనే కుస్తీ పడతా ఉండావంట. నేనూ అమెరికా వచ్చిన కొత్తల్లో అదే తప్పు చేశా, అందుకే చెప్తున్నా.

2019 జనవరి, సంక్రాంతి దగ్గర్లో. న్యూజెర్సీలో రాత్రి పదకొండు, అంటే మన దగ్గర పొద్దున తొమ్మిదిన్నర. కాలేజీ ఫ్రెండ్ నెంబర్ నుంచి మెసేజ్, "నా కోడ్ పొరపాటున నీకొచ్చింది, కాస్త పంపరా" అని. నిద్రమత్తులో ఆ ఆరంకెలూ కొట్టేసి పడుకున్నా. అది వాడు కాదు, వాడి వాట్సాప్ అప్పటికే పోయుంది. ఆ కోడ్ కూడా వాడిది కాదు, నా వాట్సాప్‌దే. లేచేసరికి నాదీ పోయింది. నాకేమో అకౌంట్ రావాలని పట్టుదల, గంటసేపు దాంతోనే సరిపోయింది, ఇంటికి చెప్పాలన్న ఆలోచనే రాలా.

ఆ లోపల అల్లూరు దగ్గర మా బాబాయికి నా పేరుతో "అర్జెంట్, కాల్ చెయ్యొద్దు" అని ఇంగ్లీషులో మెసేజ్‌లు. నేను బాబాయితో జన్మలో ఇంగ్లీషు మాట్లాడలా. ఆయన పక్కింటి డిగ్రీ పిల్లోడి చేత చదివించుకుని మరీ పంపాడు. రొయ్యల మేత బాకీకి పెట్టుకున్న డబ్బులు, పొద్దున 40 వేలు, నేను అకౌంట్‌తో కొట్టుకుంటున్న ఆ గంటలోనే ఇంకో 30 వేలు. "పోలీసోళ్ళు పట్టుకున్నారేమో అనుకున్నా అబ్బయా" అన్నాడు. అప్పట్లో వెయ్యి డాలర్లు అది. నాలుగు నెలలు బయట తిండి మానేసి నెలకి 250 చొప్పున కట్టేశా, ఎవుర్నీ అడగలా.

నీకు మాత్రం ఇప్పుడు సైబర్ మోసాలకి 1930 హెల్ప్‌లైన్ నెంబర్ ఉంది, మాకప్పుడు అది లేదు. ఎవురైనా పంపుంటే వాళ్ళ చేతే అక్కడి నుంచి వెంటనే కొట్టించు, డబ్బు ఇంకా చేతులు మారకపోతే ఆపే ఛాన్స్ ఉంటది. గంటలు గడిచేకొద్దీ కష్టం. నీ ఫ్రెండ్స్‌కి కూడా చెప్పు, వాళ్ళ అమ్మానాన్నలకీ మెసేజ్ పోయుండొచ్చు.

అకౌంట్ సంగతి పెద్ద కథేం కాదు, ఇన్‌స్టాకీ ఫేస్‌బుక్‌కీ సైట్ పేరు చివర స్లాష్ హ్యాక్డ్ (/hacked) కొడితే దారి అదే చూపిస్తది. ముందు ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చు, రీసెట్ లింకులన్నీ అక్కడికే వస్తాయి. బ్యాంకుకీ అదే పాస్‌వర్డ్ పెట్టుంటే (మీ బ్యాచ్ వాళ్ళు పెడతారు, నాకు తెలుసు) అదీ మార్చు. వాట్సాప్ అయితే నీ నెంబర్‌తో మళ్ళీ రిజిస్టర్ చేస్తే హ్యాక్ చేసినోడు బయటికి పోతాడు, వాడు టూ-స్టెప్ పిన్ పెట్టుంటే మాత్రం నువ్వు లోపలికి పోవడానికి ఏడు రోజులు ఆగాలి. నేను ఆగా.

ఇంకోటి, ఇండియా సిమ్ రీఛార్జ్ మానొద్దు. మూడు నెలలు వాడకపోతే నెంబర్ పోతది, తర్వాత ఇంకెవురికో ఇస్తారు, నీ ఓటీపీలు వాడికి పోతాయి. ఆ కాస్త డబ్బు దగ్గర పీనాసితనం పనికిరాదు.

మా ఇంట్లో ఇప్పుడు డబ్బు మాటొస్తే మా పాత గేదె పేరు చెప్పాల్సిందే, చెప్పకపోతే బాబాయి నాకైనా పంపడు. అక్కడ పొద్దున ఆరు దాటింది, మీ నాన్న టీ కొట్టు కాడికి పోకముందే ఫోన్ చెయ్యి.