మీరు అడిగారు: గోదాములో మూటలు మోసిన ప్రధాని

ప్రశ్న: డెన్మార్క్‌లో ఒక గోదాము కూలీ ప్రధాని అయ్యారని మా యూనియన్ మీటింగ్‌లో ఒక పెద్దాయన చెప్పారు. నిజమేనా? ఆయన ఏం చదువుకున్నారు?
— ఒక హమాలీ కొడుకు, ఖమ్మం

జవాబు: నిజమే. ఆయన పేరు ఆంకర్ యోర్గెన్సెన్. 1922లో కోపెన్‌హాగెన్‌లో పుట్టారు. అయిదేళ్ల వయసుకే అమ్మానాన్నలు పోయారు. బంధువుల ఇంట్లో పెరిగారు, అనాథ పిల్లల బడిలో చదివారు. కాలేజీ మెట్లు ఎక్కలేదు. చిన్న వయసులోనే పనిలోకి దిగి సైకిల్ మీద సరుకులు అందించారు, ఓడల కార్ఖానాలో పనిచేశారు, ఆ తర్వాత గోదాములో చేరారు.

అయితే ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది గోదాము నుంచి ఒక్క గంతులో ప్రధాని కుర్చీలోకి వెళ్లిపోతారు. నాకు అది నచ్చదు. మధ్యలో ఇరవై ఏళ్లకు పైగా యూనియన్ పని ఉంది. 1950లో గోదాము కార్మికుల సంఘానికి ఉపాధ్యక్షుడు, 1958లో అధ్యక్షుడు. 1964లో పార్లమెంటు సభ్యుడు. 1968లో దేశంలోని సాధారణ కూలీలందరి పెద్ద సంఘానికి నాయకుడు. యజమానులతో జీతాల బేరం, ఒప్పందంలో ప్రతి మాటా చూసుకోవడం, తిరిగొచ్చి కోపంగా ఉన్న సభ్యులను ఒప్పించడం... ఆయన చదువంతా అక్కడే జరిగింది. మీ పెద్దాయన ఈ సంగతి చెప్పకపోయి ఉంటే మీరు చెప్పండి.

1972 అక్టోబర్ 2న యూరోపియన్ కమ్యూనిటీలో (ఇప్పటి యూరోపియన్ యూనియన్‌కు ముందున్న దేశాల కూటమి) చేరడానికి డెన్మార్క్ ప్రజలు ఓటేశారు. మర్నాడే ప్రధాని యెన్స్ ఒట్టో క్రాగ్ రాజీనామా ప్రకటించి అందరినీ ఆశ్చర్యపరిచారు. క్రాగ్ యూనివర్సిటీలో ఆర్థికశాస్త్రం చదివినవారు. ఆయన స్థానంలోకి వచ్చిన ఆంకర్ అంతకుముందు ఒక్కరోజు కూడా మంత్రిగా లేరు.

ప్రశ్న: మరి నెగ్గుకొచ్చారా?

జవాబు: మొదట గట్టి దెబ్బే తగిలింది. 1973 డిసెంబర్ ఎన్నికల్ని డెన్మార్క్‌లో ఇప్పటికీ ‘భూకంపం ఎన్నికలు’ అంటారు. పార్లమెంటులో అయిదు పార్టీలు ఉండేవి, పది అయ్యాయి. ఆంకర్ సోషల్ డెమోక్రాట్ పార్టీ 70 సీట్ల నుంచి 46కి పడిపోయింది. పన్నులే వద్దంటూ వచ్చిన కొత్త పార్టీకి 28 వచ్చాయి. పదవి పోయింది. 1975లో తిరిగొచ్చి 1982 దాకా ఉన్నారు. 179 సీట్ల సభలో ఆయన ప్రభుత్వాలకు ఎప్పుడూ సొంత మెజారిటీ లేదు. ప్రతి బిల్లుకూ ఎవరో ఒకరిని కూర్చోబెట్టి మాట్లాడాలి. ఆ పని ఆయనకు కొత్త కాదు.

అందరూ మెచ్చారని మాత్రం అనుకోకండి. 1978లో ఆయన రైతుల పార్టీగా పేరున్న వెన్‌స్ట్రతో కలిసి ప్రభుత్వం పెట్టినప్పుడు అందరికంటే ఎక్కువగా మండిపడింది కార్మిక నాయకులే. ఆ జట్టు ఏడాదికి కాస్త పైగా నడిచి విడిపోయింది. ఆ కోపంలో న్యాయం ఉందని నా అభిప్రాయం. కానీ చమురు ధరలు పెరిగి నిరుద్యోగం ముంచుకొస్తున్న రోజుల్లో ఆయన ముందు మంచి దారులు ఎక్కువ లేవు.

ప్రశ్న: డబ్బు సంపాదించారా?

జవాబు: ప్రధానిగా ఉన్నప్పుడూ, దిగాకా కోపెన్‌హాగెన్‌లోని సిద్‌హవ్న్ అనే కార్మికుల పేటలో, తన పాత ఫ్లాట్‌లోనే ఉన్నారు. జనం ఆయన్ని ఇంటిపేరు లేకుండా ‘ఆంకర్’ అనే పిలిచేవారు. 1987లో పార్టీ నాయకత్వం వదిలారు, పార్లమెంటులో 1994 దాకా కొనసాగారు. 2016లో 93 ఏళ్ల వయసులో పోయారు.

ప్రశ్న: కూలీలకు ఆయన చేసిన ఒక్క పని చెప్పమంటే?

జవాబు: 1979లో వచ్చిన ముందస్తు విరమణ భృతి. అప్పట్లో అక్కడ వృద్ధాప్య పింఛను 67 ఏళ్లకు. ఈ పథకంతో నిరుద్యోగ బీమా నిధిలో సభ్యులైనవాళ్లు 60కే పని మానేసి నెలనెలా భృతి తీసుకోగలిగారు. ఖజానాకు భారం అన్నారు, కుర్రాళ్లకు ఉద్యోగాలు ఖాళీ అవుతాయని కూడా అన్నారు. తర్వాతి ప్రభుత్వాలు దాన్ని బాగా కుదించాయి. మీ నాన్నగారి నడుమునే అడగండి, 60కీ 67కీ తేడా ఎంతో.